గిరీశం మోసగాడని రాశాక ఇంకేం రాయాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు బరంపురంలో డిగ్రీ చదువుతున్నాను. తెలుగు పేపర్లో గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’, ఒడియా పేపర్లో ఫకీర్‌మోహన్ సేనాపతి నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ ఉన్నాయి. పాత్రచిత్రణ రాయమంటే నాలుగు పేజీలు నింపుతున్నాను. మా మాస్టారు ‘కథ మళ్లీ చెప్పావు’ అని ఎర్ర సిరాతో రాసి పదిహేనుకి ఆరు వేస్తున్నారు. గిరీశం మోసగాడు, మధురవాణి మంచిది అన్నాక ఇంకేం మిగులుతుంది? వస్తువు గురించి అడిగితే ‘కన్యాశుల్కమనే దురాచారం’ అని తప్ప ఏమీ తోచదు. డబ్బు తీసుకుని పిల్లనిచ్చే ఆ ఆచారం ఇప్పుడు లేదు కదా! రెండు పుస్తకాలనీ పోల్చి రాయొచ్చా? రాస్తే ఒడియా మాటలు తెలుగు జవాబులో ఎలా పెట్టాలి? (గజపతి జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ మాస్టారి ఎర్ర సిరాతో మాకు పేచీ లేదమ్మా. కానీ ‘కథ చెప్పొద్దు’ అన్నవారు దాని బదులు ఏం చెయ్యాలో కూడా చెప్పాల్సింది. ఆ లోటు ఇక్కడ తీరుద్దాం.

ముందు మీరు రాసిన వాక్యానికే ఒక చిన్న పరీక్ష పెట్టండి. ‘గిరీశం మోసగాడు’లో గిరీశాన్ని తీసేసి రామప్పంతులు పేరు పెట్టండి. వాక్యం చెల్లుతుంది. కరటక శాస్త్రి పేరు పెట్టండి. మగపిల్లాడికి చీర కట్టి పెళ్లికూతురని అమ్మినవాడు కనుక అదీ చెల్లుతుంది. వేశ్య మధురవాణి పేరు పెట్టినా చెల్లుతుంది, ఆమె ఆడినన్ని అబద్ధాలు ఆ నాటకంలో తక్కువమంది ఆడారు. నలుగురికీ సరిపోయే మాట ఒకరి పాత్రచిత్రణ ఎలా అవుతుంది? విశేషణాలతో వచ్చే చిక్కే ఇది. మంచిది, చెడ్డవాడు, లోభి, అమాయకురాలు అనే మాటలు పాత్రను ఒక అరలో పెట్టి తలుపు మూసేస్తాయి. ఆ తర్వాత రాయడానికి ఏమీ ఉండదు. పేజీలు నింపాలి కనుక చెయ్యి తనంతట తానే కథలోకి వెళ్లిపోతుంది. మీ నాలుగు పేజీల రహస్యం అదే.

కాబట్టి విశేషణం పక్కనపెట్టి పని చూడండి. ఒక నోటు పుస్తకంలో పేజీని అడ్డంగా పెట్టుకుని ఐదు గడులు గీయండి: ఎవరితో మాట్లాడుతున్నాడు, అతనికి కావలసిందేమిటి, అన్నదేమిటి, దక్కిందేమిటి, దానికి ఖర్చు ఎవరిది. మొదటిసారి పుస్తకాన్ని ఏమీ రాసుకోకుండా చదివెయ్యండి. రెండోసారి మీకు కావలసిన పాత్ర ఉన్న రంగాలు మాత్రం చదువుతూ గడులు నింపండి. నాటకంలో ఏడు అంకాలున్నాయి. అన్ని రంగాలూ ఎక్కించాలని కూచుంటే అది మళ్లీ కథే అవుతుంది. ఒక పాత్రకు ఆరేడు రంగాలు చాలు, కానీ ప్రతి రంగంలో ఎదుటి మనిషి వేరే అయి ఉండాలి.

గిరీశంతో మొదలుపెడితే తెర లేవగానే అతను ఒంటరిగా ఉంటాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర నెల కిందట ఇరవై రూపాయలు తీసుకుని డాన్సింగ్ గర్ల్ కింద ఖర్చు పెట్టేశానని తనకు తానే చెప్పుకుంటాడు. ఈ నాలుగు మాటల దగ్గర ఆగండి. పక్కన ఎవరూ లేరు, అబద్ధమాడి ఒరిగేది లేదు, అయినా సిగ్గుపడుతున్నట్టు ఒక్క మాట రాదు. పశ్చాత్తాపం లేదు, లెక్క ఉంది: డబ్బు పోయింది, తగాదా అయింది, ఊళ్లో పరపతి అయిపోయింది, ఇక ఎటు వెళ్లాలి? చాలామంది ఈ స్వగతాన్ని ‘గిరీశం తన తప్పు ఒప్పుకున్నాడు’ అని రాస్తారు. ఒప్పుకోవడం వేరు, పద్దు చూసుకోవడం వేరు. ఐదో గడిలో పూటకూళ్లమ్మ అని రాసుకోండి, ఖర్చు ఆమెది.

తర్వాత శిష్యుడు వెంకటేశం. కుర్రాడు పరీక్ష తప్పాడు, ఇంటికి వెళ్లాలంటే భయం. ఇక్కడ గిరీశం నోటివెంట ఇంగ్లీషు వరదలా వస్తుంది. తనతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్ అంటాడు. దక్కింది కృష్ణరాయపురం అగ్రహారానికి దారి, సెలవుల పొడుగునా తిండి. అక్కడ వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఎదురవుతాడు. ముక్కుమీద కోపం, కోర్టు వ్యాజ్యాలంటే ప్రాణం. ఆయన ముందు ఎడ్యుకేషన్ మాటలు పనిచెయ్యవు, కాబట్టి గిరీశం వ్యాజ్యాల కాగితాలు చదివిపెట్టే మనిషిగా మారతాడు. ఆయన కూతురు, వితంతువు బుచ్చమ్మ ముందు వితంతువుల కష్టం తెలిసినవాడు. చివర్న వకీలు సౌజన్యారావు పంతులు ముందు సంఘసంస్కర్త. నాలుగు వరసలు నింపేసరికి ఒక వాక్యం దానంతట అదే వస్తుంది: ‘ఎదుటివారికి ఏది గొప్పగా కనిపిస్తుందో పసిగట్టి, ఆ భాషలో మాట్లాడి బతికేవాడు గిరీశం.’ ఇందులో రామప్పంతులు పేరు పెట్టి చూడండి, చెల్లదు. పంతులుకి తెలిసినవి కోర్టు డాబు, దళారీతనం, అంతే. ఎవరి ముందైనా అదే పాట పాడతాడు. అందుకే మధురవాణి అతన్ని ఎటు కావాలంటే అటు తిప్పగలిగింది.

ఇప్పుడు ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది!’ అన్న చివరి మాట. దీన్ని పెట్టని విద్యార్థి ఉండడు, దీనితో ఏదైనా నిరూపించినవాడు అరుదు. నవ్వు కోసం కాకుండా రుజువు కోసం వాడండి. బుచ్చమ్మ జీవితం తలకిందులైన ఘడియలో గిరీశం దాన్ని ‘కథ’ అంటాడు. తానేదో అల్లుకొస్తున్నాడు, అది చెడింది, అంతే! మొదటి స్వగతంలో కనిపించిన లెక్క చివరి మాటలోనూ అలాగే ఉంది. ఏడంకాల్లో మనిషి మారలేదని చెప్పడానికి ఈ రెండు చివర్లూ చాలు, మధ్య కథంతా తిరగచెప్పనక్కర్లేదు.

మాటలు తక్కువున్న పాత్రలకు ఇదే పద్ధతి కొంచెం తిరగేసి వాడాలి. బుచ్చమ్మ గురించి ‘అమాయకురాలు’ అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ఆమె గడులు నింపితే ‘కావలసినది’ అన్నచోట దాదాపు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీయే మీకు సామగ్రి. నీకేం కావాలని ఆమెను ఆ ఇంట్లో ఎవరైనా అడిగారా? అడిగినట్టు నటించినవాడు గిరీశం ఒక్కడే, అందుకే ఆమె వెంట వెళ్లింది. అగ్నిహోత్రావధాన్లు భార్య వెంకమ్మ సంగతి చూడండి. పద్దెనిమిది వందలకు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకిచ్చి చేస్తానని మొగుడు పట్టుబడితే, ఆవిడ వాదన ఎవరి చెవికీ ఎక్కదు. ఎక్కనప్పుడు నూతిలో పడుతుంది. మాట చెల్లని మనిషికి మిగిలిన మాట అదొక్కటే. అగ్నిహోత్రావధాన్లు ‘తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి’ అన్నదాన్ని సామెతలా వాడుకుని నవ్వుకుంటాం గానీ, జవాబులో ఆ మాట పక్కనే నూతిని పెట్టండి. అప్పుడు తెలుస్తుంది అది ఎంత బరువైన మాటో.

ఇక వస్తువు. ‘కన్యాశుల్కమనే దురాచారం’ అన్నది నాటకం దేని గురించో చెబుతుంది. దాని గురించి నాటకం ఏమంటుందో చెప్పదు. వస్తువును ఒక నామవాచకంగా కాక, ఎవరైనా కాదనడానికి వీలున్న పూర్తి వాక్యంగా రాయండి. ఆ వాక్యం దొరకాలంటే, మీరు గీసిన గడుల్లో ఐదోదాన్ని నిలువుగా చదవండి.

చాలా పాత్రలు అబద్ధమాడుతున్నాయని ముందే చూశాం. కనుక ‘అబద్ధం చెడ్డది’ అన్న వాక్యం ఇక్కడ నిలవదు. అయితే అబద్ధానికి ఖర్చు ఎవరు పెడుతున్నారు? గిరీశం అబద్ధాల ఖర్చు పూటకూళ్లమ్మది, బుచ్చమ్మది. అగ్నిహోత్రావధాన్లు శాస్త్రం పేరు చెప్పి తీసుకోబోయే డబ్బుకు ఖర్చు సుబ్బిది. సుబ్బి పెళ్లి తప్పించడానికి కరటక శాస్త్రితో కలిసి మధురవాణి ఆడే నాటకంలో ఆమె మెడలోని కంటె ఆ మగ పెళ్లికూతురి మెడలోకి వెళ్తుంది. దీన్ని బట్టి మొదటి ప్రయత్నంగా ఇలా రాయొచ్చు: ‘ఇతరుల ఖర్చుతో ఆడే అబద్ధాన్నీ, సొంత ఖర్చుతో ఆడే అబద్ధాన్నీ ఈ నాటకం వేరుచేసి చూపిస్తుంది.’

బాగుందనిపించగానే ఆగకండి. మీ వాక్యానికి అడ్డం వచ్చే రంగాన్ని మీరే వెతకండి, ఇదే అసలు పని. ఇక్కడ అడ్డం వచ్చేవాడు లుబ్ధావధాన్లు. పన్నెండు వందలకు కొన్న ‘పెళ్లికూతురు’ మాయమయ్యాక ఖూనీ కేసు అతని మెడకు చుట్టుకుంటుంది. అంటే మధురవాణి చేయి వేసిన నాటకానికి కూడా ఖర్చు వేరేవాళ్ల మీద పడింది! చాలామంది ఈ సంగతి దాటేస్తారు, మధురవాణి మంచిదన్న మాటకు మచ్చ వస్తుందని. దాటెయ్యకుండా ముందుకు వెళ్తే, ఖర్చు అటు మళ్లిందని తెలిశాక ఆమె ఏం చేసిందన్న ప్రశ్న వస్తుంది. మగవేషంలో సౌజన్యారావు దగ్గరికి తానే వెళ్లి నిజం బయటపెడుతుంది. బుచ్చమ్మ విషయం బట్టబయలైనప్పుడు గిరీశం అన్నది ‘డామిట్’. ఇప్పుడు వాక్యం దిద్దండి: ‘తన అబద్ధానికి ఇంకొకరు ఖర్చవుతున్నారని తెలిశాక మనిషి ఏం చేస్తాడన్న దగ్గరే ఈ నాటకం మంచీచెడూ తేలుస్తుంది.’ దీన్ని కాదనేవాళ్లుంటారు, వాదించవచ్చు. ఆచారం పోయినా ఈ ప్రశ్న పోలేదు కనుక మీ రెండో సందేహానికీ జవాబు ఇందులోనే ఉంది.

ఆ రంగంలోనే సౌజన్యారావునూ చూడండి. నాటకంలో అబద్ధమాడని పెద్దమనిషి ఆయనే, గిరీశం ఉపన్యాసాలు నమ్మి మోసపోయిన పెద్దమనిషీ ఆయనే. వేశ్యల మొహం చూడకూడదన్న నియమం ఉన్నవాడికి, కేసులో నిజం ఒక వేశ్య దగ్గరే దొరుకుతుంది. ఫీజుగా ముద్దడిగిన మధురవాణే, చెడనివాళ్లను చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటూ దాన్ని వదులుకుంటుంది. ఆయన నియమం ఆయన నిలబెట్టుకున్నాడా, ఆమె నిలబెట్టిందా? మీ జవాబులో ఈ ప్రశ్నకు ఒక పేరా ఇవ్వొచ్చు. ‘మధురవాణి ఆధునిక స్త్రీవాది’ అని మాత్రం రాసి చేతులు దులుపుకోకండి. అదీ ఇంకో అర, ఇంకో తలుపు.

గురజాడ ముందుమాటను కూడా తెలివిగా వాడాలి. 1897 నాటి మొదటి ముద్రణకు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్కం పెళ్లిళ్లు 1034 అని లెక్క ఇచ్చారు. ఏడాదికి సగటున 344. నాటకం ఊహలోంచి పుట్టలేదని చూపడానికి ఆ లెక్క బంగారం. కానీ పీఠికలో రచయిత చెప్పుకున్న ఉద్దేశమే నాటకం వస్తువని తీర్పివ్వడానికి అది చాలదు. పైగా మనం ఇప్పుడు చదివేది 1909 నాటి రెండో కూర్పు. 1892లో విజయనగరంలో ఆడి 1897లో అచ్చయిన దాన్ని బాగా పెంచి, తిరగరాసిన పుస్తకం ఇది. మధురవాణి ఇంతగా పెరిగింది ఈ రెండో కూర్పులోనే. 1897 పీఠికను 1909 మధురవాణికి అతికిస్తే లెక్క తప్పుతుంది. జవాబులో ఏ కూర్పో ఒక్క మాట రాయండి, దిద్దేవారికి మీరు పుస్తకం తెరిచారని తెలుస్తుంది. 1955లో వచ్చిన సినిమా చూసి రాసే జవాబుల సంగతి వేరే చెప్పాలా? ఎన్‌టీఆర్, సావిత్రి కళ్లముందు మెదులుతుంటే పుస్తకంలో లేని చూపులు కూడా జవాబులోకి వచ్చేస్తాయి.

ఇక ‘ఛ మాణ ఆఠ గుంఠ’. ‘ఉత్కళ సాహిత్య’ పత్రికలో అది ధారావాహికగా మొదలైంది కూడా 1897లోనే, పుస్తకంగా వచ్చింది 1902లో. అప్పటికి పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా, సేనాపతి గారి బాలాసోరు బెంగాలు కింద ఉంది. రెండు ప్రెసిడెన్సీల కింద, రెండు భాషల్లో, ఒకే కాలంలో కోర్టు కాగితం జనం బతుకుల్లోకి ఎలా దిగిందో మీ బల్ల మీదున్న రెండు పుస్తకాలూ చెబుతున్నాయి. పోల్చి రాయొచ్చా అని అడిగారు. మీరు రాయకపోతే ఎవరు రాస్తారు?

అయితే గడులను ఉన్నవున్నట్టు ఇక్కడికి తెస్తే దెబ్బ తింటారు. నాటకంలో ప్రతి మాటా ఏదో ఒక పాత్రది. నవలలో కథ చెప్పే గొంతు ఒకటి అదనంగా ఉంది, ఆ గొంతు పెద్ద కొంటెది. జమీందారు రామచంద్ర మంగరాజు ఎంత నిష్ఠాపరుడో పొగుడుతూ మొదలుపెడుతుంది. ఏకాదశినాడు నీళ్లు, తులసి దళాలు తప్ప ముట్టడట. ఆ పొగడ్త చల్లారకుండానే, ఏకాదశి రాత్రి ఆయన పడకగదిలో పాలకుండ, అరటిపళ్లు పెట్టి ఉంటాయనీ, తెల్లారేసరికి కుండ ఖాళీ అనీ మంగలి జగా నోటివెంట జారుతుంది. కథ చెప్పేవాడు అయ్యగారి మీద అపవాదు వేయనంటూనే వేసేస్తాడు. ఇది గమనించకపోతే ‘మంగరాజు భక్తుడు, కానీ దురాశాపరుడు’ అని రాస్తారు. తప్పు ఎక్కడంటే, పొగడ్తను సమాచారంగా తీసుకోవడంలో. ఈ నవలకు ఆరో గడి కలపండి: ‘ఎవరు చెప్పారు, నమ్మొచ్చా?’ పొగిడిన ప్రతిచోటా ఆ పక్క పేరాలోనే పొగడ్తను తినేసే చిన్న వివరం ఉందేమో వెతకండి. చాలాసార్లు దొరుకుతుంది.

ఐదో గడి ఇక్కడ ఇంకా ముఖ్యం. భగియా, సారియా నేతపని చేసుకునే దంపతులు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆరు మాణాల ఎనిమిది గుంఠల మంచి నేల. మాణం దాదాపు ఒక ఎకరం, మాణానికి ఇరవై ఐదు గుంఠలు, అంటే మొత్తం సుమారు ఆరు ఎకరాలు, ఆపైన ఎకరంలో మూడోవంతు. మంగరాజు కన్ను దానిమీద పడుతుంది. కబళించిన తీరు చూడండి. అతను కర్ర పట్టుకుని రాడు, అతని ఇంటి దాసి చంపా వస్తుంది. గ్రామదేవత బుఢీమంగళకు గుడి కట్టిస్తే సంతానం కలుగుతుందని సారియాలో ఆశ పుట్టిస్తుంది. గుడికి అప్పు, అప్పుకు పొలం తాకట్టు, తాకట్టు తీరక పొలం పోవడం. భగియాకు మతి పోతుంది, సారియా చనిపోతుంది. గిరీశం బుచ్చమ్మకు చూపించింది పెళ్లి ఆశ, చంపా సారియాకు చూపించింది పిల్లల ఆశ. ఇద్దరూ ఎదుటి మనిషి లోటును కనిపెట్టి అందులోంచే లోపలికి వచ్చారు. మీ పోలికకు ఇది గట్టి పునాది. తేడా కూడా అక్కడే రాయండి: గురజాడ బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయం దారి పట్టించి ఒక తలుపు తెరిచి ఉంచాడు, సేనాపతి సారియాకు ఏ తలుపూ ఉంచలేదు. ఎందుకంటారు? ఒకరిది హాస్యనాటకం కనుక అని ఒక జవాబు. సంస్కరణ మీద ఒకరికి మిగిలిన నమ్మకం రెండోవారికి కోర్టుల మీద మిగల్లేదని ఇంకో జవాబు. ఏది రాసినా రెండు పుస్తకాల్లోంచీ ఒక్కొక్క చోటు చూపించండి.

పోలిక రాసేటప్పుడు సగం కాగితం ఈ పుస్తకానికి, సగం ఆ పుస్తకానికి పంచకండి. అలా పంచితే రెండు కథలు చెప్పినట్టే. ప్రతి పేరాలో రెండూ ఉండాలి.

పదిహేను మార్కుల జవాబుకు రెండున్నర పేజీలు ధారాళం. మొదటి రెండు మూడు వాక్యాల్లోనే మీ వాదన చెప్పెయ్యండి. రచయిత జననం, తల్లిదండ్రులు, బిరుదులు అక్కర్లేదు. తర్వాత మూడు రంగాలు, కథలో వచ్చిన వరసలో కాక మీ వాదనకు కావలసిన వరసలో. గిరీశం మీద రాస్తుంటే బుచ్చమ్మ రంగం ముందు, ఇరవై రూపాయల స్వగతం తర్వాత వచ్చినా ఏ నష్టమూ లేదు. వరస మార్చగానే కథ చెప్పే అలవాటు సగం పోతుంది. ఒక్కో రంగానికి ఏం జరిగిందో రెండు వాక్యాలు మించనివ్వకండి, దాని మీద మీ మాట కనీసం నాలుగు ఉండాలి. నాలుగో పేరా అడ్డం వచ్చే రంగానికి. చాలా జవాబుల్లో ఆ పేరా ఉండదు, కాబట్టి అదే కంటికి ఆనుతుంది. ఇంటి దగ్గర రాసి చూసుకున్నప్పుడు పెన్సిలుతో ‘తర్వాత’, ‘అప్పుడు’, ‘ఆ పిమ్మట’ అన్న మాటల కింద గీతలు పెట్టండి. పేరాకు ఒకటి మించి ఉన్నాయంటే మళ్లీ కథలో పడ్డారు. ‘ఎందుకంటే’, ‘అయినా’, ‘అలాగైతే’ ఎక్కువ కనిపిస్తే దారిలోనే ఉన్నారు.

మూలంలోని మాటలు చిన్న చిన్న ముక్కలుగా, మీ వాక్యం మధ్యలో ఇమిడేలా పెట్టండి. గిరీశం మాటల్ని శుద్ధ గ్రాంథికంలోకి సవరించొద్దు, ఆ ఇంగ్లీషు తునకలు, ఆ విజయనగరం యాసే అతని వేషం. మీ ప్రాంతపు చెవికి ఆ యాస కొత్త కాదు గనుక, బుచ్చమ్మ మాట తీరు అతని మాట తీరు పక్కన ఎంత సాదాగా ఉందో మీకు ఇట్టే పట్టుబడుతుంది. అది కూడా రుజువే, వాడుకోండి.

చివరగా ఒడియా మాటల సంగతి. తెలుగు జవాబులో వాటిని తెలుగు లిపిలోనే రాయండి. ఒక వాక్యానికి మించి ఎత్తి రాయకండి, వెంటనే మీ సొంత తెలుగులో అర్థం చెప్పండి. పాత్రల పేర్లను మొదట ఎలా రాశారో చివరిదాకా అలాగే ఉంచండి, ఒకచోట భగియా, ఇంకోచోట భాగియా అయితే ఇద్దరనుకుంటారు. మాణం, గుంఠ లాంటి కొలతలకు మొదటిసారి వచ్చినచోట లెక్క చెబితే చాలు. ఒడియా పేపర్లో గిరీశాన్ని తెచ్చేటప్పుడు ఇదే పద్ధతి, లిపి మాత్రం అటు.